బతికున్న మొక్కని పీకడం

కూరగాయల పెరట్లో కష్టమైన పని ఏదంటే, మట్టి తవ్వడమని గానీ పురుగులు ఏరడమని గానీ అనను. ఇంకా పచ్చగా ఉండి, అక్కడక్కడా పూస్తున్న మొక్కని వేళ్ళతో సహా పీకేయడమే అన్నిటికన్నా కష్టం. గింజ నాటడం ఎవరికైనా సరదాయే. పీకాల్సి వచ్చేసరికి చెయ్యి రాదు. కానీ ఆ చెయ్యి రాకపోతే తర్వాతి కాలం పంటకి చోటుండదు. ఉన్నవే నాలుగు మడులు.

ఈ విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలు. నేను పీకే పార్టీ, నాన్న ఉండనిచ్చే పార్టీ. "ఉండనీవే, ఇంకా పూస్తోంది కదా" అంటారు, మొక్క ఏ స్థితిలో ఉన్నా సరే.

చలికాలం చివర మా గొడవ టొమాటోతో మొదలవుతుంది. పూస్తోందన్న మాట నిజమే. కానీ పగలు 35 డిగ్రీలు దాటడం మొదలై, రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే టొమాటో పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పువ్వు పిందె కట్టదు, కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. అంతకుముందే పట్టిన కాయలైనా సరిగ్గా ఎర్రబడతాయా అంటే అదీ లేదు. టొమాటోకి ఎరుపునిచ్చే లైకోపీన్ మరీ వేడిలో సరిగ్గా తయారవదు. అందుకే ఎండల్లో పండిన కాయ నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. కొంచెం రంగు తిరిగిన కాయలన్నీ కోసి, ఇంట్లో నీడన పరిస్తే అక్కడే చక్కగా పండుతాయి. ఇక మొక్కని ఉంచితే లాభం ఆకుల రసం పీల్చే తెల్లదోమకే.

పీకిన వెంటనే నేను చేసే పని వేళ్ళు చూడటం. ఆకుల్ని చూసి ఎన్ని ఊహలైనా చేయొచ్చు, మట్టిలో అసలు ఏం జరుగుతోందో తెలిసేది మాత్రం అప్పుడే. టొమాటో, బెండ, వంగ వేళ్ళ మీద ఉబ్బులు ఉబ్బులుగా కనిపిస్తే అవి నులిపురుగుల (మట్టిలో ఉండి వేళ్ళని పట్టే సన్నటి పురుగులు, నెమటోడ్లు) బుడిపెలు. బీన్స్ వేళ్ళ మీద కూడా చిన్న గుండ్లు ఉంటాయి, వాటిని చూసి కొత్తవాళ్ళు కంగారు పడతారు. రెండిటికీ తేడా చేత్తోనే తెలుస్తుంది. బీన్స్ గుండు గోటితో తోస్తే ఊడి వస్తుంది, నులిపురుగు బుడిపె వేరులోనే కలిసిపోయి ఉంటుంది. బీన్స్ గుండుని రెండుగా కోసి చూడండి. లోపల గులాబీ రంగుంటే అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తోందన్నమాట. కాపు ముగిసేసరికి ఆ రంగు పోయి లోపల ఆకుపచ్చగానో గోధుమగానో అవుతుంది. మిగతా మొక్కల్ని తీసేయొచ్చా లేదా అన్న ప్రశ్నకి ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

బీన్స్ వేస్తే నేల దానంతటదే బలపడుతుందని చాలామంది చెబుతారు కానీ, ఆ నత్రజనిలో ఎక్కువ భాగం గింజల్లోకే పోతుంది, వాటిని మనం కోసుకుంటాం. కాబట్టి నేను తీగల్ని నేల మట్టానికి కోసి, వేళ్ళని అలాగే వదిలేసి, ఆకూ తీగా ముక్కలు చేసి ఆ మడిలోనే కలిపేస్తాను. ఎంత మిగిలితే అంత.

బుడిపెలు కనిపించిన మడికి ఎండాకాలంలో శిక్ష పడుతుంది. మట్టిని గుల్లచేసి, బాగా తడిపి, మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. నల్ల పట్టా వద్దు, ఎండ లోపలికి దిగాలంటే పారదర్శకంగానే ఉండాలి. నులిపురుగులు మొత్తం చావవు, కింద లోతులో దాక్కున్నవి మళ్ళీ వస్తాయి. కానీ వచ్చే పంటకి సగం తలనొప్పి తగ్గుతుంది. మండే ఎండల్లో ఖాళీ మడికి ఇంతకంటే మంచి పని లేదు.

ఎండల్లో కాసేవి తక్కువేమీ కాదు. గోరుచిక్కుడు, తోటకూర, దోస, బెండ. బెండ గింజల్ని రాత్రంతా నానబెట్టి నాటితే త్వరగా మొలుస్తాయి. ఆ తర్వాత బెండ అడిగేది ఒక్కటే, రోజు విడిచి రోజు కోయడం. ఒక్క కాయ ఆకు చాటున ముదిరిపోయినా మొక్క తన పని అయిపోయిందనుకుని కొత్త పూత తగ్గించేస్తుంది. ఈనెలు పసుపెక్కి ఆకు వలలాగా కనిపిస్తే మాత్రం అది పల్లాకు తెగులు. అది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది, మందు లేదు. ఇక్కడ నాన్నని అడగను కూడా అడగను, చూసిన రోజే పీకి అవతల పారేస్తాను.

వానలు పడ్డాక పందిరి రాజ్యం నాన్నది. బీర, సొర, కాకర అన్నీ ఆయన పాదులే. తీగజాతిలో మగ పువ్వులు ముందొస్తాయి, ఆడ పువ్వులు తర్వాత. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడది. ముసురు పట్టిన రోజుల్లో తేనెటీగలు రావు, అలాంటప్పుడు పిందెలు పసుపెక్కి రాలిపోతే ఎరువు తక్కువైందని అందరూ ఇంకాస్త వేస్తారు. నిజానికి దానికి కావలసింది పుప్పొడి. మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో రుద్దితే సరిపోతుంది. అయితే వేళ చూసుకోవాలి. గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర, సొర సాయంత్రం పూట. అందుకే సాయంత్రాలు టీ తాగేసి నాన్న పందిరి కింద స్టూలు వేసుకుంటారు. ఆ టైంలో ఫోన్ మోగినా ఎత్తరు.

ముసురు తగ్గి, పగలు పొడిగా, రాత్రి తేమగా ఉండే రోజులు వచ్చేసరికి ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్టు బూడిద తెగులు దిగుతుంది. మిగతా బూజు తెగుళ్ళలా దీనికి ఆకు తడిగా ఉండనక్కర్లేదు. మొదట్లో ముదురాకులు తీసేస్తూ కొంతకాలం లాగొచ్చు. తీగంతా తెల్లబడ్డాక మాత్రం పందిరి దించేయడమే మంచిది. అప్పటికే క్యారెట్, ముల్లంగి గింజలకి వేళ మించిపోతూ ఉంటుంది. ముల్లంగి నెలా నెలన్నరలో చేతికొచ్చేస్తుంది, విడతలు విడతలుగా వేసుకోవచ్చు. క్యారెట్‌కి ఓపిక కావాలి. మొలకెత్తడానికే కొన్నిసార్లు రెండు వారాలు పైన పడుతుంది, అన్నాళ్ళూ పై మట్టి ఆరకూడదు. నారు పోసి మార్చి నాటితే గడ్డ రెండు కాళ్ళుగా చీలుతుంది కాబట్టి, ఎక్కడ పెరగాలో అక్కడే చల్లాలి. ఆ మడి తయారుగా ఉండాలంటే సొర పాదు పోవాలి. ఆ వారం ఇంట్లో మాటలు కొంచెం తక్కువగానే ఉంటాయి.

పీకకూడనివీ ఉన్నాయి. వానల్లో నాటిన పందిరి చిక్కుడు నెలల తరబడి ఆకులు తప్ప ఏమీ ఇవ్వదు. "గొడ్డుబోయిన పాదు, తీసేయండి" అని చూడవచ్చినవాళ్ళు సలహా ఇస్తారు. మన పాత నాటు రకాలు చాలావరకు పగలు కురచబడితేనే పూస్తాయి. చలి మొదలయ్యేదాకా ఎదురుచూడటం తప్ప వాటిని తొందరపెట్టే మందు లేదు. ఎరువెక్కువేస్తే ఆకు ఇంకా పెరుగుతుందంతే. చిక్కుడు విషయంలో నాన్నదీ నాదీ ఒకటే మాట. వంగ, మిరప కూడా అంతే. కాపు తగ్గాక వంగని జానెడు ఎత్తుకి కత్తిరించి, మొదట్లో కంపోస్టు వేసి నీళ్ళిస్తే మళ్ళీ చిగురించి ఇంకో కాపు ఇస్తుంది. వేళ్ళు బాగున్న మొక్కకే సుమా.

కొత్తిమీరకీ మినహాయింపు ఇస్తాను. ఎండ తగలగానే ఆకు సన్నబడి పూతకి లేచిపోతుంది. అప్పుడిక ఆకు కోసం చూసి లాభం లేదు. అయినా ఒక మూల వదిలేస్తాను. ఆ తెల్లటి చిన్న పూల కోసం తేనెటీగలా కనిపించే ఓ ఈగ వచ్చి వాలుతుంది. దాని పిల్ల పురుగులు పేనుబంకని తింటాయి. బంక పట్టిన చోట వెతికితే నూలుపోగంత సైజులో పాకుతూ కనిపిస్తాయి, చంపకండి.

నాన్న ఈమధ్య కొత్త ఎత్తు వేశారు. విత్తనానికి ఉంచే మొక్కకి ఎర్ర దారం కట్టడం మా పద్ధతి, దారం ఉన్నదాన్ని నేను ముట్టుకోను. ఈసారి ఎండలు తగ్గాక పీకుదామని వెళ్తే బెండ వరసలో సగానికి ఎర్ర దారాలున్నాయి. అందులో హైబ్రిడ్‌వి కూడా. "నాన్నా, ఇవి హైబ్రిడ్. గింజ తీసి నాటితే అన్నీ ఇలాగే కాయవు, ఒక్కోటి ఒక్కోలా వస్తాయి" అన్నాను. "అయితే ఏం వస్తాయో చూద్దాం" అన్నారు తాపీగా. బేరం ఒక్క మొక్క దగ్గర తెగింది. మిగతావి ఆయన కూరలకి వెళ్ళిన టైం చూసి పీకేశాను.