గోడ అవతల జింకలు

"మళ్ళీ ఆ గోడ కథ చెబుతానంటే నేను రాను" అన్నాడు మావాడు, ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని.

గోడంటే లండన్‌లోని రిచ్‌మండ్ పార్కు గోడ. మొదటి చార్లెస్ రాజు తన వేట కోసం రెండున్నర వేల ఎకరాల చుట్టూ 1637లో కట్టించాడు. ఈ సంగతి వాడికి నాలుగైదుసార్లు చెప్పి ఉంటాను. మా ఆవిడ లెక్క ప్రకారం పది.

పిల్లలకి లండన్ మనదనిపించాలంటే పార్కులు తిప్పమని వచ్చిన కొత్తలో ఎవరో అన్నారు. దాన్ని నేను నోములా పట్టాను. హాంప్టన్ కోర్టు, గ్రీనిచ్, ఎపింగ్ అడవి, ఏదీ వదల్లేదు. శనివారం రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో చదువుకుని, ఆదివారం పొద్దున పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు చెబుతాను. ఎపింగ్ అడవిని 1878లో చట్టం చేసి మరీ జనానికి మిగిల్చారని నేను ఉపన్యాసం ఇస్తుంటే, వాడు పడిపోయిన మాను మీద పుట్టగొడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు. పైగా తిరుగుదారిలో కార్లో పరీక్ష. "ఏ సంవత్సరం?" మా నాన్న నన్ను ఎక్కాలు అడిగినట్టే అడుగుతాను. అలా అడిగితే నాకెంత చిరాకో మాత్రం గుర్తుండదు.

ఆ రోజు గోడ ఊసెత్తనని ఒట్టేస్తే వచ్చాడు.

అక్టోబరు, మగ జింకలు పోట్లాడుకునే కాలం. చెట్ల మధ్య ఒకటి నిలబడి ఉంది. నేలమీది పొదల్లో కొమ్ములు రాసుకున్నట్టుంది, ఎండిన ఆకులూ తీగలూ గుత్తిగా తలమీద వేలాడుతున్నాయి. మొరాయించే ట్రాక్టరు స్టార్టు చేస్తున్నట్టు అరిచింది. నోట్లోంచి ఆవిరి.

"నాన్నా, దాని తలమీద పిచ్చుకగూడు" అని గుసగుసగా అన్నాడు.

నేనేమన్నాను? "యాభై మీటర్ల దూరం ఉండాలి, వెనక్కి రా." వచ్చాడు. అక్కడితో ఊరుకోవచ్చుగా. "వీటి కోసమే ఆ గోడ..." అని మొదలుపెట్టేశాను. వాడు నా వైపు చూడకుండానే "ష్" అన్నాడు.

నిజానికి ఆ కథలో వాడికి నచ్చే ముక్క ఒకటుంది. జనం పార్కులోకి రాకుండా తలుపులు మూయించేస్తే, జాన్ లూయిస్ అనే బీరు తయారీదారు కోర్టుకెక్కి 1758లో గెలిచాడు. గోడ దాటడానికి నిచ్చెనమెట్లు పెట్టారు, కానీ దూరం దూరంగా పెట్టారు. పిల్లలూ ముసలివాళ్ళూ ఎక్కలేకపోతున్నారని ఆయన మళ్ళీ జడ్జి దగ్గరికి వెళ్ళాడు. మావాడు ప్రతిసారీ ఇక్కడే నవ్వుతాడు. ఆ ముక్క ఒక్కటే చెప్పి ఊరుకోవాలని నాకు ఎప్పుడూ తట్టదు.

కారెక్కాక వాడే అడిగాడు. "మీ ఊళ్ళో జింకలున్నాయా?"

ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న ప్రశ్న! "ఎందుకు లేవురా? హైదరాబాదులో విజయవాడ రోడ్డు మీద హరిణ వనస్థలి లేదూ? అదీ ఇలాంటిదే, నిజాం వేటాడిన చోటు. మహావీరుడి పేరు 1975లో పెట్టారు. కృష్ణజింకలుంటాయి. పైన నలుపు, కింద తెలుపు, మెలితిరిగిన కొమ్ములు..."

"నువ్వు ఎన్నిసార్లు చూశావు?"

నాలుగేళ్ళు హయత్‌నగర్ బస్సులో కాలేజీకి దాని ముందు నుంచే వెళ్ళాను. గేటు చూశాను, బోర్డు చూశాను. లోపలికి ఒక్కసారీ వెళ్ళలేదు. జింకల్ని చూడ్డానికి డబ్బులిచ్చి వెళ్ళేంత తీరిక ఎవరికుందని అప్పటి నా అభిప్రాయం.

"అయితే నువ్వూ గోడే చూశావు" అన్నాడు. ఎకసెక్కం కాదు, లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు.

రెండేళ్ళకోసారి వెళ్ళే ఆ పద్దెనిమిది రోజుల్లో వాడికి నేనేం చూపించాను? పెళ్ళిళ్ళు, బ్యాంకు పనులు, పంటి డాక్టరు, చుట్టాలు. మావాడికి హైదరాబాదంటే సోఫాలు. ఒక సోఫా మీంచి లేపి ఇంకో సోఫా మీద కూర్చోబెట్టి, "ఈయన నీకేమవుతాడో చెప్పు" అని అక్కడా పరీక్షే. నలుగురు కలిసినప్పుడు మాత్రం "పిల్లలకి రెండు ఊళ్ళ చరిత్రా చెప్పాలండీ" అని సలహాలిస్తాను. తలూపినవాళ్ళకి ఇప్పుడేం చెప్పను? ఇక్కడి చరిత్ర వాడి కోసం చదివానా, ఈ పార్కుల్లో దర్జాగా నడవడానికి నాకే ఏదో ఆధారం కావాలని చదివానా? వాడికి ఆ అవసరం ఉన్నట్టు ఎప్పుడూ కనపడలేదు. బురదలో దూకాడు, అంతే.

డిసెంబర్లో వెళ్తున్నాం. ఫ్రిజ్ మీది క్యాలెండరులో మా ఆవిడ రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం, ఒక షష్టిపూర్తి రాసింది. మిగిలిన ఒక్క ఖాళీ గడిలో మావాడు పెన్సిలుతో, ఎవరూ చెప్పకుండానే, తెలుగులో "జికలు" అని రాసుకున్నాడు.

రెండు రోజులు చూసీ చూడనట్టు తిరిగాను. మూడో రోజు పెన్ను తీసుకుని సున్నా పెట్టేశాను.