హెర్‌-2 రిపోర్టులో 2+ అని ఉంటే అక్కడితో ఆగకండి

హనుమకొండలో ఒక పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రొమ్ము క్యాన్సర్ రిపోర్టు చేతికిచ్చినప్పుడు చాలామంది తికమకపడేది ఒక్క లైను దగ్గరే: హెర్‌-2, 2+. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన భార్య రిపోర్టు చూసి "రెండు ప్లస్సులున్నయి కదన్నా, మంచిదేనా?" అని అడిగారు. మంచీ కాదు, చెడూ కాదు, ఇంకా తేలలేదు అని దానర్థం. ఇది తెలియక ఎంతోమంది ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేసుకుని వెళ్లిపోతున్నారు, నాకు బాధ అక్కడే.

హెర్‌-2 అనేది కణం పైపొర మీద ఉండే ప్రోటీన్. దాని జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మామూలు కణంలో రెండు కాపీలు. కొన్ని గడ్డల్లో ఆ కాపీలు విపరీతంగా పెరిగిపోతాయి, దాంతో ప్రోటీనూ పెరుగుతుంది, కణాలు ఆగకుండా విభజన చెందుతూనే ఉంటాయి. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం ఈ రకమే. ఇలాంటి వాళ్లకు జబ్బు తొందరగా తిరగబెడుతోందని 1987లో అమెరికా డాక్టర్ డెనిస్ స్లామన్ బృందం చూపించింది. 1998లో అమెరికాలో హెర్‌-2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్‌కు అనుమతి వచ్చాక పరిస్థితి మారింది, ఇప్పుడు పాజిటివ్ అంటే దానికంటూ మందు ఉన్నట్టు.

ముందు చేసేది ఐహెచ్‌సీ, అంటే గడ్డ ముక్కకు రంగు పట్టించి హెర్‌-2 ప్రోటీన్ ఎంతుందో చూసే పరీక్ష; ఫలితం 0 నుంచి 3+ వరకు ఇస్తారు. 3+ స్లైడును మైక్రోస్కోపులో చూస్తే, పది శాతానికి మించిన క్యాన్సర్ కణాల చుట్టూ ఎక్కడా తెగకుండా చిక్కటి గోధుమరంగు, జాలీ అల్లినట్టు కనిపిస్తుంది, అందులో అనుమానమే ఉండదు. 0, 1+ అయితే నెగెటివ్. 2+లో రంగు ఉంటుంది కానీ పలచగా ఉంటుంది, కంటితో చూసి తేల్చలేం. అందుకే ఫిష్ చేయాలి, అంటే మెరిసే రంగులతో హెర్‌-2 జన్యువు కాపీలు లెక్కపెట్టే పరీక్ష. చీకటి తెర మీద నీలం కేంద్రకాలు, వాటిలో ఎర్ర చుక్కలు హెర్‌-2 జన్యువు, ఆకుపచ్చ చుక్కలు 17వ క్రోమోజోమ్ నడిమి భాగం. ఒక్కో కణంలో రెండు రంగుల చుక్కలూ లెక్కపెడతారు. ఆకుపచ్చకు ఎరుపు రెండింతలు, ఆపైన ఉండి, కణానికి సగటున నాలుగు ఎర్ర చుక్కలైనా ఉంటే పాజిటివ్. కొన్ని గడ్డల్లో ఎర్ర చుక్కలు లెక్కకందనంతగా ముద్దకట్టి ఉంటాయి.

మా దగ్గర ఫిష్ లేదు, బ్లాకు (మైనంలో బిగించిన గడ్డ ముక్క) హైదరాబాద్‌కు పోవాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది, వారం పది రోజులు టెన్షన్ కూడా. అయినా చేయించండి. పాజిటివ్ అయ్యుండి మందు పడకపోతే నష్టం, నెగెటివ్ అయ్యుండి ఏడాదిపాటు ఆ ఇంజెక్షన్లు తీసుకున్నా నష్టమే, ఎందుకంటే అది గుండె పంపింగ్ తగ్గించే అవకాశముంది, మధ్యమధ్య ఎకో తీయిస్తూ ఉండాలి.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ చెప్పరు. ముక్క తీసిన గంటలోపే పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో, అంటే ముక్కను పాడవకుండా ఉంచే ద్రవంలో పడాలి, అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. ఒకసారి ఒక ఆసుపత్రి నుంచి ముందురోజు సాయంత్రం ఆపరేషన్ చేసిన గడ్డ మర్నాడు సెలైన్‌లో వచ్చింది. అలాంటి ముక్క మీద ఎంత మంచి ల్యాబు చేసినా ఫలితాన్ని నమ్మలేం. ఆపరేషన్‌కు ముందే "ఫార్మలిన్ సిద్ధంగా ఉందా" అని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

1+ వచ్చినవాళ్లు కూడా రిపోర్టు పారేయొద్దు. జబ్బు వేరే అవయవాలకు పాకితే, 1+ లేదా 2+ ఉండి ఫిష్ నెగెటివ్ అయినవాళ్లకు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు వాడొచ్చని 2022లో తేలింది. ఖరీదెక్కువే, కానీ డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

బ్లాకు తీసుకెళ్లేటప్పుడు బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయకండి, అది మైనం, మే నెలలో మన వరంగల్ ఎండకు మెత్తబడి పాడవొచ్చు. కౌంటర్ దగ్గర నుంచి కదిలే ముందు బ్లాకు మీద నంబరూ, రిపోర్టు మీద నంబరూ ఒకటేనో కాదో చూసుకోండి.