తొమ్మిదో పాయింటు

కువైట్‌లో చలికాలం వచ్చిందంటే కరెంటు ప్లాంట్లలో మాకు షట్‌డౌన్ల సీజన్. ఎండాకాలం ఏసీల లోడ్‌కి ఒక్క యూనిట్ కూడా ఆపనివ్వరు. విప్పి చూసుకునేదంతా నవంబర్ నుంచి మార్చి లోపే. నేను పైపుల, వాల్వుల గోడల మందం కొలిచే టెక్నీషియన్ని. అల్ట్రాసోనిక్ మీటరు, జెల్ డబ్బా, వైర్ బ్రష్, పెయింట్ మార్కరు, ఇవే నా సరంజామా.

ఆ జనవరిలో బాయిలర్ ఫీడ్ పంపు రీసర్క్యులేషన్ వాల్వు నా వంతుకొచ్చింది. తక్కువ లోడ్‌లో పంపు వేడెక్కిపోకుండా కొంత నీటిని డీఏరేటర్‌కి, అంటే నీళ్లలోని గాలిని తీసేసే ట్యాంకుకి, తిప్పి పంపే వాల్వు అది. ప్రెషర్ ఇటు 150 బార్లు, అటు 10 బార్లు కూడా ఉండదు. దారి మూసే ప్లగ్ సీటు మీద సరిగ్గా కూర్చోకపోతే ఆ సన్న సందులోంచే నీళ్లు ఇనుమును కోసుకుంటూ పోతాయి. ప్రెషర్ పడిపోయినచోట బుడగలు పుట్టి, పగిలి, లోహాన్ని గిల్లేస్తాయి.

ప్లగ్ మీద స్టెల్లైట్, అంటే అరగకుండా వేసే గట్టి లోహపు పూత, లేచిపోయి గాడి పడింది. వేలితో తడిమితే గోరు దిగింది. అది అందరికీ కనపడేదే, కొత్తది వేస్తారు. నా భయమంతా బాడీ గురించి. ప్రెషర్‌ని ఆపి ఉంచేది అదే.

పాత కొలతల షీటులో ఎనిమిది పాయింట్లున్నాయి. మిల్లీమీటర్లలో 24.3, 23.8, 24.1... అన్నీ బాగున్నాయి. కానీ మాది గోదావరి లంక. గట్టు పైనుంచి చూస్తే ఏ తేడా కనపడదు, ఏరు మలుపు తిరిగేచోట అడుగున కోసేసుంటుంది. ఇక్కడ నీళ్లు తిరిగేది ఔట్‌లెట్ మెడ కింద. చెయ్యి దూరడమే కష్టం.

టార్చి పట్టుకున్న రాజంపేట కుర్రాడు, "అన్నా, ఈడ పాత మార్కే లేదు" అన్నాడు.

బ్రష్ కొట్టి ప్రోబ్ పెట్టాను. 16.9. నమ్మబుద్ధి కాక, మందం ముందే తెలిసిన స్టెప్ బ్లాకు మీద మీటరు సరిచూసుకుని మళ్లీ పెట్టాను. అదే. చుట్టూ 5 మిల్లీమీటర్లకో గడి గీసి కొలుస్తూ పోతే ఒకచోట 15.2. డ్రాయింగులో కనీసం 19 ఉండాలి.

సూపర్‌వైజరు తొందరలో ఉన్నాడు. "ఎనిమిదీ బాగున్నాయిగా, ఆవరేజ్ వేసి ఇచ్చెయ్, రేపు బాక్సప్" అన్నాడు, అంటే వాల్వు బిగించి మూసేయడం. ఎనిమిది మంచి అంకెలు ఒక్క పలచని చోటుకి బలమివ్వవు. ఆ పలచదనం ఎంత మేర పాకింది, మళ్లీ విప్పేదాకా ఆగుతుందా అన్నది ఇంజినీరు లెక్క కట్టి తేల్చాలి. నేను గడులన్నీ కాగితం మీద పెట్టకపోతే ఆయన దేన్ని లెక్క కడతాడు?

జపాన్‌లో మిహామా అణు విద్యుత్ ప్లాంటు సంగతి నేను ట్రైనింగులో విన్నాను. 2004 ఆగస్టు 9న పైపు పగిలి, వేడినీళ్లు, ఆవిరి మీదపడి ఐదుగురు పనివాళ్లు పోయారు. 10 మిల్లీమీటర్ల గోడ 1.4కి అరిగిపోయింది. ఆ చోటు చెక్ చేయాల్సిన లిస్టులోనే లేదట, 28 ఏళ్లు ఎవరూ కొలవలేదు. వాళ్లూ మాలాగే షట్‌డౌన్ పనికి వచ్చినవాళ్లు.

గడుల కాగితం తీసుకెళ్లి ఇంజినీరు చేతికే ఇచ్చాను. ఆయన రాత్రి లెక్క చూసి, పొద్దున వచ్చి తనే మళ్లీ కొలిచి, బాక్సప్ ఆపేశాడు. అరిగినచోట గ్రైండింగ్, పగుళ్లు పట్టిచ్చే డై టెస్టు, వెల్డింగ్, హీట్ ట్రీట్‌మెంట్... యూనిట్ నాలుగు రోజులు లేటు. సూపర్‌వైజరు ఆ నాలుగు రోజులూ నాతో మాట్లాడలేదు.

ఇన్సులేషన్ కట్టేముందు ఆఖరిసారి కొలిచాను. 22.6. రాజంపేట తమ్ముడు పడుకుని, మెడ కిందకి చెయ్యి పోనిచ్చి, పెయింట్ మార్కరుతో 9 అని రాశాడు.