18 అంగుళాల నడవ

రాత్రి పదకొండు దాటింది. మా ఆయన మిద్దె మీదనే పడుకున్నారు, ముగ్గు గీతల మధ్యలో. నేను కిందికి దిగొచ్చి ఇది రాస్తున్నా. రాయకపోతే నిద్ర పట్టేటట్టు లేదు.

మేమిద్దరం తిరిగేదానికి ఒక వ్యానును మోటర్‌హోమ్‌గా, అంటే లోపలే పడక, వంట, బాత్రూమ్ ఉండే బండిగా కట్టిస్తున్నాం. బాడీ కట్టేవాళ్ల దగ్గర్నుంచి ఈ పొద్దు నాలుగో డ్రాయింగ్ వచ్చింది. నాలుగోసారి కూడా మంచం అడ్డంగానే ఉంది. వెనక తలుపులకు ఆనించి, ఈ గోడ నుంచి ఆ గోడకు, పొడవు 5 అడుగుల 10 అంగుళాలని రాసి, పైన రెండు దిండ్లు గీశారు. అడ్డం మంచం మాకొద్దని మూడుసార్లు ఫోన్ చేసి చెప్పా. "జంటకు అదే బాగుంటుంది మేడమ్, అందరూ అదే వేయించుకుంటారు" అన్నారు మూడుసార్లూ.

ఆ 5 అడుగుల 10 ఎక్కడిదో నాకు తెలుసు. ఖాళీ బండిలో రేకు నుంచి రేకుకు టేపు పట్టి కొలిచిన అంకె అది. రేకుకు లోపలివైపు కర్ర పట్టీలు కొడతారు, వాటి మధ్యన అంగుళం మందం ఇన్సులేషన్, దాని మీద 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద లామినేట్. ఒక్కో పక్క దగ్గర దగ్గర రెండు అంగుళాలు పోతుంది. రెండు పక్కలా కలిపి నాలుగు. మిగిలేది 5 అడుగుల 6. ఆయన ఎత్తే 5 అడుగుల 10. మోకాళ్లు ముడుచుకునో, మూలకు మూలకు వాలుగానో పడుకోవాలి. ఇన్సులేషన్ వద్దనుకుందామా అంటే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కడప ఎండకు ఉత్త రేకు డబ్బాలో మనిషి ఎట్లా ఉంటాడు? ఇంకోటి, బండి గోడలు నిలువుగా ఉండవు, పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి. నేల మీద కొలిస్తే ఒక అంకె, పరుపు ఎత్తులో కొలిస్తే ఇంకో అంకె. మంచం కొలత పరుపు ఎత్తులో, అది కూడా ప్లైవుడ్ కొట్టాక తీయాలి. ఇంత చిన్న సంగతి, రోజూ బండ్లు కట్టేవాళ్లకు నేను చెప్పాల్సి రావడమే నా బాధ.

అడ్డం మంచం అనేది యూరప్ వాళ్ల ప్లాను బొమ్మల్లోంచి వచ్చింది. అక్కడ ఎక్కువగా వాడే ఫియట్ డుకాటో వెడల్పు బండి, గోడలు కూడా కొంచెం నిటారు. 5.41 మీటర్లు, 5.99 మీటర్ల పొడవు బండ్లలో అడ్డం మంచం వేస్తారు. 6.36 మీటర్లదైతే నిలువుగా రెండు విడి మంచాలు పట్టిస్తారు. ఆ బొమ్మల్ని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఇంకో తిరకాసుంది. వాళ్లకు డ్రైవరు ఎడమ, పక్క తలుపు కుడి. మనకు తలుపు ఎడమ. ఆ బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పితే తప్ప పనికిరాదు. లేకపోతే వంటగట్టు నేరుగా తలుపుకు అడ్డమొస్తుంది. ఇంగ్లండు బొమ్మలైతే తిప్పే పని లేదు, వాళ్లూ మన మాదిరే ఎడమ పక్కన నడుపుతారు.

కొలత సంగతి అట్లుంచితే, అడ్డం మంచంలో అసలు చిక్కు లోపలివైపు పడుకున్న మనిషిది. వెనక తలుపు పక్క పడుకున్నవాళ్లు లేవాలంటే రెండోవాళ్ల మీదుగా దాటాలి. ఆయనేమో రాత్రికి రెండుసార్లు లేవాల్సిందే. "మనమేమన్నా చిన్నపిల్లలమా మే, దుంకి దిగేదానికి" అని డ్రాయింగ్ చూస్తూనే అనేశారు.

అందుకే సాయంత్రం ఎండ తగ్గినాక ముగ్గుపిండి పట్టుకొని మిద్దె ఎక్కినాం. పైన పరిచినవి మన నల్ల బండలే కాబట్టి తెల్ల గీత బాగా కనపడుతుంది, బండల సందులు గళ్ల కాగితం లాగా పనికొస్తాయి. బండి లోపలి కొలత 126 అంగుళాలు పొడవు, 66 అంగుళాలు వెడల్పు. ముందు ఆ దీర్ఘచతురస్రం గీసి, వెనక చక్రాల మీద ఉబ్బెత్తుగా లేచే డబ్బాల చోట ఇటుకలు పెట్టినాం, పక్క తలుపు దగ్గర గీత తుడిచేసినాం. ప్లాను ఎంచుకునేవాళ్లు ఎవరైనా ఈ పని చేయండి. కాగితం మీద 18 అంగుళాల దారి సన్నగా కనిపిస్తుంది. నేల మీద గీసి, చేతిలో సంగటి గిన్నె పట్టుకొని పక్కకు తిరిగి నడిస్తే సరిపోతుందని తెలుస్తుంది. 14 అయితే తుంటి తగులుతుంది. గీత ఒక్కటే చాలదు, గోడ ఉండాల్సిన చోట కుర్చీలు నిలబెట్టండి. గీతను మోచెయ్యి ఊరికే దాటిపోతుంది, గోడను దాటదు కదా.

నిన్నటిదాకా నాది ఒకటే పట్టు. మంచం మంచంగానే ఉండాల, పొద్దున మడిచి రాత్రి పరిచే పని ఉండకూడదు అని. ఆ పట్టు ఊరికే రాలేదు, వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ నుంచి వచ్చింది. హైదరాబాదు వచ్చిపోయే రోజుల్లో ఎన్ని రాత్రులో ఆ బండిలో. కాచిగూడలో ఎక్కితే కర్నూలు, డోన్, గుత్తి, తాడిపత్రి దాటి కడప. ఎప్పుడూ నాకు సైడ్ లోయరే పడేది. పగలు ఎదురెదురుగా రెండు సీట్లు, రాత్రికి వాటి వీపులు పడేస్తే మంచం. ఆ రెండు వీపులు కలిసే చోట ఒక సందు ఉంటుంది. ఒక పక్క రవ్వంత ఎత్తు, ఇంకో పక్క పల్లం. ఆ సందు సరిగ్గా నడుం కిందికి వచ్చేది. దుప్పటి మడిచి పెట్టేదాన్ని, ఒక స్టేషన్ దాటేలోపు జారిపోయేది. చున్నీ చుట్టి దూర్చేదాన్ని, అది గడ్డలాగా ఒత్తుకునేది. డోన్ దగ్గర బండి ఆగిన కుదుపుకు మెలకువ వచ్చేది, ఇంక గుత్తి దాకా కళ్లు తెరుచుకొని కిటికీలోంచి చీకటి చూడటమే. కడపలో దిగి ఆటో ఎక్కేటప్పుడు నడుం పట్టుకొని ఎక్కేదాన్ని. ఎర్రగుంట్ల దాటినాక సిమెంటు ఫ్యాక్టరీల లైట్లు కనపడితే, అబ్బ, ఇంక లేచి కూర్చోవచ్చు అని సంతోషం. నిద్రపోవడానికి టికెట్టు కొని, లేచి కూర్చోవడానికి సంతోషపడటం.

మోటర్‌హోమ్‌లో టేబుల్ దించి, దాని మీద దిండ్లు సర్ది మంచం చేసేదంతా ఆ సైడ్ లోయర్ లాంటిదే. నాలుగైదు ముక్కల దిండ్లు, నాలుగైదు సందులు. అందుకే మడిచే మంచం వద్దన్నా. అడ్డమూ వద్దు, మడిచేదీ వద్దు అంటే నిలువుగా మూలకు చేర్చి వేసే డబుల్ మంచమే మిగిలింది. 48 అంగుళాల వెడల్పుది ఒక గోడకు ఆనిస్తే పక్కన 18 అంగుళాల దారి. అదీ గీసి చూసినాం. ఆయన గోడ పక్కన పడుకున్నారు, నేను దారి పక్కన. అడ్డం మంచం తిరిగి నిలువుగా వచ్చిందంతే. లోపలి మనిషి చిక్కు పోలేదు. పైగా పగలంతా ఆ మంచం అట్లే పడి ఉంటే కూర్చునే చోటే లేదు. మన దగ్గర మార్చి నుంచి పగలు బయట కూర్చోలేం, గండికోటలో అయినా బెలుం గుహల దగ్గరైనా పదకొండు నుంచి నాలుగు దాకా బండి లోపలే. అయిదు గంటలు మంచం అంచున వేలాడుతూ కూర్చోవాలా?

అక్కడ నా పట్టు సడలింది. ఆ 48ని రెండుగా చీల్చి, ఒక్కో గోడకు 24 అంగుళాలు ఇచ్చేస్తే? 24, మధ్యన 18, మళ్లీ 24. సరిగ్గా 66. పగలు రెండు అరుగులు, రాత్రి రెండు మంచాలు. మడిచేది లేదు, సందు లేదు, ఒక్కోదాని మీద ఒకే ముక్క పరుపు, 5 అంగుళాల గట్టి ఫోమ్. ఎవరు ఎప్పుడు లేచినా కాళ్లు నేరుగా నడవలోకే. చక్రాల డబ్బాలు అరుగుల కింద దాగిపోతాయి. జంటంటే డబుల్ మంచమే ఉండాలనే మాట ఎవరు పెట్టారో గాని, దానివల్ల చిన్న బండ్లలో బోలెడంత చోటు పాడవుతోంది. కావాలంటే రెండు అరుగుల మధ్యకు లాగే బల్లచెక్కలు పెట్టించుకోవచ్చు, దానికి విడిగా 18 అంగుళాల దిండు చాలు. అప్పుడు కూడా సందులు పొడుగునా వస్తాయి, నడుం కింద అడ్డంగా రావు.

రెండు అరుగులూ ఒకే పొడవు ఉండాలనేమీ లేదని కూడా ఈ పొద్దే తట్టింది. ఆయనకు 75 అంగుళాలు కావాల. నేను 5 అడుగుల 2, నాకు 66 చాలు. నా పక్క మిగిలిన 9 అంగుళాలు వంటగట్టుకు పోయినాయి. కుడి పక్క ముందు నుంచి వెనక్కు బాత్రూమ్ 30, వంటగట్టు 30, నా అరుగు 66. ఎడమ పక్క తలుపు 36, ఫ్రిజ్ 15, ఆయన అరుగు 75. రెండు పక్కలా 126కు 126.

30 అంగుళాల వంటగట్టు చిన్నదే. రెండు పొయ్యిలూ ఒక చిన్న సింకూ పెడితే జొన్నరొట్టె తట్టడానికి చోటుండదు. అందుకని నా అరుగు తలవైపు కీళ్లతో లేచే పలక ఒకటి, 18 అంగుళాలది. గట్టు ఎత్తు మామూలుగా 34 అంగుళాలు పెడతారు. సంగటి గెలికేటప్పుడు పైనుంచి ఒత్తాల కదా, గిన్నె ఎత్తు కూడా కలుపుకుంటే నా ఎత్తుకు 31 సరిపోతుంది. తాలింపు ఘాటు పోవడానికి పొయ్యి పైనే 14 అంగుళాల రూఫ్ ఫ్యాన్ బయటికి లాగేటట్టు, అరుగుల మీద ఇంకోటి గాలి లోపలికి తెచ్చేటట్టు. గ్యాస్ బండ 5 కిలోలది చాలు. దాని గూటికి అడుగున నేలలోనే బయటికి రంధ్రం ఉండాల, ఎందుకంటే వంటగ్యాస్ గాలికంటే బరువు, కారితే కిందికే దిగుతుంది. పైన జాలీ పెట్టి సరేననుకుంటారు చాలామంది, డ్రాయింగ్‌లో కూడా పైనే ఉంది.

టాయిలెట్ క్యాసెట్‌ది, అంటే కింది ట్యాంకును పెట్టె మాదిరి బయటికి లాగి పారబోసుకునేది. ఆ ట్యాంకు 17, 18 లీటర్లుంటుంది. ఇద్దరికి రెండు మూడు రోజులొస్తుందని రాస్తారు, అది కాగితం వాడేవాళ్ల లెక్క. మనం ప్రతిసారీ చెంబెడు నీళ్లు పోస్తాం, ఒకటిన్నర రోజుకే నిండుతుంది. ఇంకో క్యాసెట్ అదనంగా కొనుక్కోవాల, దాన్ని బయటనుంచి లాగే తలుపు డ్రైవరు పక్కన రావాల. మా బాత్రూమ్ కుడి పక్కే కాబట్టి సరిపోయింది.

నీళ్లు రోజుకు ఇద్దరికీ 50 లీటర్లు, తాగేదానికి, వంటకు, బోకులు కడిగేదానికి, చెరి పది లీటర్ల స్నానానికి కలిపి. 100 లీటర్ల ట్యాంకంటే 100 కిలోలు. దాన్ని వెనక తలుపు దగ్గర పెట్టారు డ్రాయింగ్‌లో. మా బండి ఇరుసుల మధ్య దూరం 3350 మిల్లీమీటర్లు. వెనక ఇరుసుకు మీటరు వెనక 100 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద పడేది 130, ముందు ఇరుసు మీద 30 కిలోలు తేలికవుతుంది. బండంతా తూకానికి లోబడే ఉంటుంది, వెనక టైర్లు మాత్రం ముందే అరిగిపోతాయి, నల్లమల మలుపుల్లో స్టీరింగ్ తేలినట్టుంటుంది. నా అరుగు కింద, ఇరుసుకు ముందుగా పెట్టమని రాశా. వాడిన నీళ్ల ట్యాంకు కూడా కనీసం 80 లీటర్లు. దాని ఊసే లేదు అందులో.

బ్యాటరీలు 100 ఆంపియర్ అవర్ లిథియంవి రెండు, కలిపి రెండున్నర యూనిట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, మిక్సీకి సరిపోతుంది, పైన 400 వాట్ల సోలార్ పలకలు రోజుకు ఒకటిన్నర యూనిట్ తిరిగి నింపుతాయి. ఏసీ మాత్రం మూడు గంటలకే బ్యాటరీ తాగేస్తుంది. రాత్రంతా ఏసీ కావాలంటే 16 ఆంపియర్ల సాకెట్టు ఇచ్చే చోట నిలుపుకోవాల్సిందే.

పార్కింగు సంగతి ఒకటి. రోడ్డు ఎడమ అంచున ఆపితే బండి ఎడమకు వాలుతుంది. అడ్డం మంచమైతే తల కిందుగా పడుకున్నట్టుంటుంది. నిలువు అరుగులకు ఆ బాధ తక్కువ. అయినా రసమట్టం ఒకటి, టైర్ల కింద పెట్టే చెక్క దిమ్మలు రెండు బండిలో ఉండాలని జాబితాలో రాశా.

ఇదంతా ఖరారయ్యాక కూడా పని మొదలుపెట్టకముందే ఆర్‌టీఓ అనుమతి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే అంది. మోటర్ కారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది, దాని ప్రకారం కడతారా అని రాతపూర్వకంగా అడిగా. ఇంకా జవాబు లేదు. బండి కదిలేటప్పుడు అరుగుల మీద ఎవరూ కూర్చోకూడదు, బెల్టులుండేది ముందు రెండు సీట్లకే. మేమిద్దరమే కాబట్టి ఇబ్బంది లేదు.

ఆయన తన 24 అంగుళాల్లో చాప వేసుకొని కాళ్లు చాపి, "సరిపోయింది మే" అన్నారు. నేను నా దాంట్లో పడుకున్నా. మధ్యలో నడవ. చేయి చాపితే అందింది.

ఒక్కటి మాత్రం తేలలేదు. ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకోవాల? నడవలోకి తెరిస్తే వంటగట్టు దగ్గర నిలబడినవాళ్ల మోకాళ్లకు తగులుతుంది. కీళ్లు వెనకవైపు పెడితే పాలు తీసుకోవడానికి చుట్టూ తిరగాల. పొద్దున చీపురు పడేలోపు ఒక అట్టముక్క 15 అంగుళాలకు కత్తిరించి, ఆ మూల నిలబెట్టి, రెండు విధాలా తిప్పి చూడాల.