ముసలి కుక్క రాత్రిళ్లు నిద్రపోకపోతే: నల్గొండ నుంచి నా అనుభవం

మా జిమ్మీ ఇప్పుడిప్పుడే రాత్రిపూట పడుకుంటోంది. నాకు ఊపిరి ఆడింది కానీ కోపం చల్లారలేదు.

జిమ్మీ పొమేరేనియన్, 13 ఏళ్లు. ఎండాకాలం పోయిన దగ్గర్నుంచి అర్ధరాత్రి లేచి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. బండల మీద గోళ్ల చప్పుడు తెల్లారేదాకా ఆగదు. తలుపు దగ్గరికి పోతుంది, కానీ తెరుచుకునే వైపు కాకుండా మడతబందుల వైపు నిలబడి ఎదురుచూస్తుంది. ఏనాడూ ఇంట్లో పాడు చేయనిది వంటింట్లో మూత్రం పోసింది. పగలంతా పిలిచినా లేవదు. ఒక రాత్రి మోర ఎత్తి ఏడిస్తే, తెల్లారగానే పక్కింటివాళ్లు గేటు దగ్గరికొచ్చి "కుక్క ఏడిస్తే అరిష్టం, ఎక్కడన్నా వదిలేసి రండి" అన్నారు. గల్లీ మొత్తానికి కాపలా కాసిన కుక్కను!

ఇక్కడే ఒక క్లినిక్‌కు తీసుకుపోయాం. అక్కడ జరిగింది చెప్పాలి. గొర్లు, మేకలు పట్టుకొచ్చిన రైతుల మధ్య చాలాసేపు కూర్చున్నాక పిలిచారు. డాక్టర్ కుర్చీలోంచి లేవలేదు. కుక్క మీద చేయి వేయలేదు. నేను ఫోన్లో తీసిన రాత్రి వీడియో చూపించబోతే, మా ఆయన వైపు తిరిగి "మేడమ్‌కు టీవీ సీరియళ్లు అయిపోయినట్టున్నయి సార్, ఇప్పుడు కుక్క సినిమా తీస్తున్నరు" అన్నాడు. కాంపౌండర్ నవ్వాడు, వరండాలో ఉన్నవాళ్లూ నవ్వారు. రక్తపరీక్ష రాయమని అడిగితే "ముసలి కుక్కకు పరీక్షలెందుకమ్మా, నిద్రమందు రాస్తా, ఇంకోదాన్ని తెచ్చుకోండి" అని చీటీ నా వైపు నెట్టాడు. చెవులు వేడెక్కి నోట మాట రాలేదు.

మెట్లు దిగుతుంటే మేకలాయన ఒకాయన, పెద్ద వయసే, జిమ్మీనే చూస్తున్నాడు. "బిడ్డా, ఎన్క ఎడమ కాలు మీద బరువు పెడ్తలేదు సూడు" అన్నాడు. నిజమే. ఆ చదువుకున్నాయనకు కనబడనిది ఈయనకు కనబడింది. నిద్రమందు చీటీ అక్కడే చించేశాను. ఆ పని చేసినందుకు ఈ రోజుకూ గర్వంగా ఉంది.

నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోవడం, అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం కాలేదు. అక్కడి డాక్టరమ్మ కింద కూర్చుని కీలు కీలు నొక్కి చూసింది. వీడియో రెండుసార్లు చూసింది. రక్తం, మూత్రం, ఎక్స్‌రే. కిడ్నీ జబ్బు, షుగర్ ఉంటే నీళ్లు ఎక్కువ తాగి రాత్రి లేస్తాయట, చూపు తగ్గితే చీకటికి భయపడతాయట. అవన్నీ లేవని తేల్చుకున్నాకే మెదడు సంగతి మాట్లాడింది. తుంటి కీలు అరిగింది. దానికి తోడు కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్, అంటే మనుషుల అల్జీమర్స్ లాంటి జబ్బు. మెదడులో అదే అమిలాయిడ్ ప్రొటీన్ పేరుకుంటుంది. 2001లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్లవాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణాలు కనీసం ఒకటైనా కనిపించాయి. ఇంత మామూలు జబ్బును "వయసు" అని కొట్టిపారేస్తే ఎట్లా?

ముందు కీళ్లనొప్పికి మందు ఇచ్చింది. తిరుగుడు సగం దానితోనే తగ్గింది. సెలిజిలిన్ అనే మందు కూడా ఉంది, 1998లో అమెరికాలో ఈ మెదడు జబ్బుకే అనుమతించారు. జబ్బును నయం చేయదు, కొన్నింటికి లక్షణాలు తగ్గుతాయి. పిడుదులకు వాడే అమిట్రాజ్‌తో అది కలవకూడదు, కాబట్టి పిడుదుల మందు ఏం వాడుతున్నారో డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మనం వేసుకునే ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ మాత్రం ఇంట్లో తీసి వేయొద్దు, కుక్కలకు విషమవుతాయి.

ఇంట్లో కాలు జారకుండా బండల మీద పట్టాలు పరిచాం. రాత్రి చిన్న బల్బు వెలుగుతుంది. మంచం, కుర్చీలు జరపడం మానేశాం. సాయంత్రం మెల్లగా నడిపిస్తున్నా, పగలు మరీ నిద్రపోనివ్వడం లేదు. అరిస్తే మా అత్తమ్మే లేచి పక్కన కూర్చుంటుంది, తిట్టదు.

నొప్పి మందు కిడ్నీల మీద పడకుండా వచ్చే నెల మళ్లీ రక్తం చూపించాలి. నల్గొండలోనే ఎక్కడైనా తీస్తారేమో కనుక్కుంటున్నా. ఆ క్లినిక్ గడప మాత్రం మళ్లీ తొక్కను.