సైకిల్ చువ్వల డీఎన్ఏ

మన స్కూలు పాత విద్యార్థుల ఫంక్షన్ కోసం పదో తారీఖులోగా ఒక పేజీ పంపమని కమిటీ వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. జంతికల బెంచీ సంగతి, రథయాత్రలో ట్రంకుపెట్టె తప్పిపోయిన సంగతి, గుణుపూర్ బండి సంగతి మనం ఉప్మా అని పిలిచేవాడు ఎలాగూ రాస్తాడు కాబట్టి నేను బయాలజీ మాస్టారి గురించే రాస్తాను.

ఎనిమిది, తొమ్మిది తరగతులు నాకసలు గుర్తే లేవు. పదిలో ఆ వానాకాలం మాత్రం నిన్నమొన్నటిలా ఉంది. మహేంద్రతనయ నది పొంగి సగం క్లాసు రాలేదు, పాఠం ముందుకు నడపడం ఇష్టంలేక మాస్టారు డీఎన్ఏ మోడల్ కట్టిద్దామన్నారు. పాత సైకిల్ చువ్వలు రెండు మెలి తిప్పి, మధ్యలో కొబ్బరి ఈనెలు. ఈనెలంటే డీఎన్ఏ నిచ్చెనకి మెట్లయ్యే నాలుగు రకాల రసాయనాలు: ఏ, జి పొడుగు ముక్కలు, టి, సి పొట్టివి. మనం 'ఎర్ర రిబ్బన్లు' అని పిలిచే అమ్మాయి రెండు పొడుగు ముక్కలు కలిపి కట్టేసరికి చువ్వ పక్కకి ఉబ్బింది. తిడతారనుకున్నాం. ఆయన ముఖం వెలిగిపోయింది!

"డీఎన్ఏ ఆకారం తేల్చిన వాట్సన్ కూడా ఇక్కడే ఆగాడమ్మా" అన్నారు. ఏ పక్కన ఏ, జి పక్కన జి పెట్టి చూస్తే కుదరలేదట. పుస్తకాల్లో హైడ్రోజన్లు తప్పు చోట గీశారని డోనహ్యూ అనే కెమిస్టు చెప్పాక, వాట్సన్ తన అట్టముక్కలు మళ్లీ కత్తిరించి చూస్తే ఏ-టి జత, జి-సి జత ఒకే కొలతకి వచ్చాయి. ఏ ఎంతుంటే టి అంతే ఉంటుందని చార్గాఫ్ అనే శాస్త్రవేత్త అంతకుముందే తేల్చాడు, అలా ఎందుకుంటుందో 1953 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో తెలిసింది. మన మోడల్లో ఏ-టికి రెండు దారాలు, జి-సికి మూడు కట్టించారు, హైడ్రోజన్ బంధాలు అన్నేనని.

తర్వాత బోర్డు మీద 51 అని రాసి, కింద చుక్కలతో ఇంటూ గుర్తు వేశారు. అది 1952లో లండన్‌లో శాస్త్రవేత్త రోజలిండ్ ఫ్రాంక్లిన్ దగ్గర ఆమె విద్యార్థి గాస్లింగ్ తీసిన 51వ నంబరు డీఎన్ఏ ఎక్స్‌రే ఫోటో. ఆమెకి తెలియకుండానే, అక్కడే పనిచేసే విల్కిన్స్ దాన్ని వాట్సన్‌కి చూపించాడు. 1962లో నోబెల్ వాట్సన్, అతనితో కలిసి మోడల్ కట్టిన క్రిక్, విల్కిన్స్‌కి వచ్చింది, ఆమె 1958లోనే పోయింది, ముప్పై ఏడేళ్లకే. ఆ పేరు మాస్టారు మన అందరిచేతా గట్టిగా చెప్పించారు. అలా చెప్పించి మంచి పని చేశారని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు నేను బరంపురంలో ల్యాబ్ చూసుకుంటున్నాను. కోవిడ్‌లో రాత్రింబవళ్లు వైరస్ ఆర్ఎన్ఏని పట్టే పరీక్ష, ఆర్‌టీపీసీఆర్ చేశాం. డీఎన్ఏలో కంటే ఆర్ఎన్ఏ చక్కెరలో ఒక ఆక్సిజన్ ఎక్కువ, అందుకే తొందరగా ముక్కలైపోతుందని ఆయన అన్న మాటే, శాంపిల్ ఐస్‌లోంచి తీసిన ప్రతిసారీ నా చెవిలో ఉండేది. మాకు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి కేసులు కూడా చాలా వస్తాయి. హీమోగ్లోబిన్ జన్యువులో ఒక్క ఏ ఉండాల్సిన చోట టి ఉంటుంది, అంతే. రాయగడ వైపు నుంచి వచ్చే అమ్మానాన్నలకి తెలుగులోనో ఒడియాలోనో కాగితం మీద గీసి చెబుతాను. అర్థమైందని వాళ్లు తలూపితే నాకు చాలా తృప్తిగా ఉంటుంది.

మాస్టారు ఫంక్షన్‌కి వస్తున్నారని తెలిసింది. మర్నాడు ఆయన్ని నా కారులో బరంపురం తీసుకెళ్లి మా మెషీన్లు చూపిస్తాను. ఇంకో ముగ్గురికి చోటుంది, ఎర్ర రిబ్బన్లకి ముందు సీటు.