తెట్టు సీసాతో మూడుసార్లు

కాలువ తెట్టు నమూనా తీసుకున్నట్టు నీటి పరీక్షాకేంద్రం రసీదు నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు.

మా కోనసీమలో లాకుల కింద, కాలువ నీళ్లు దూకే చోట నురగ కడుతుంది. నురగంతా విషం కాదు, కుళ్లిన ఆకూ అలమూ కూడా నురగ కట్టిస్తాయి. అందులో పీఫాస్ ఉందా లేదా అన్నదే నా ప్రశ్న. మంటలార్పే నురగల్లో, తడి అంటని బట్టల్లో వాడే ఫ్లోరిన్ రసాయనాలవి. కార్బన్, ఫ్లోరిన్ల బంధాన్ని తెంచడం ప్రకృతికి దాదాపు చేతకాదు.

పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ సీసాలు రాజమండ్రిలో దొరికాయి. నీటి పైపొర పట్టడానికి ఒక ఉదయం సరిపోయింది. మెథనాల్‌తో కడిగిన గాజు పలకను నిలువుగా ముంచి నిదానంగా పైకి లాగితే, రెండు వైపులా పల్చటి పొర అంటుకుని వస్తుంది. దాన్ని రబ్బరు పట్టీతో సీసాలోకి గీకాలి. ముంచినప్పుడల్లా నాలుగైదు మిల్లీలీటర్లు, అంతే. పట్టీ అంచున దుమ్ముతోపాటు ఒక దోమ రెక్క అంటుకుంది. పావు లీటరు నిండేసరికి భుజం లాగేసింది. టెఫ్లాన్ మూతలనూ రెయిన్ కోటునూ దగ్గరకు రానివ్వకండి, వాటిలోనూ ఈ రసాయనాలు ఉండొచ్చు. నేను పాత నూలు చీరలో వెళ్లాను.

నన్ను ఏడిపించింది పరీక్షాకేంద్రం కౌంటరు. వాళ్ల ఫారంలో ఒకటే గడి: ‘నీటి మట్టానికి ఒక అడుగు లోతున తీసిన నమూనా’. నా సీసా చూసి ఆ గుమస్తా, వరసలో నిలబడ్డ పదిమందీ వినేలా, ‘‘నీళ్లు తెమ్మంటే తెట్టు తెచ్చారేమిటమ్మా! ఎమ్మెస్సీ చదివి నీళ్లు ముంచడం కూడా రాదా?’’ అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. చెవులు కాలిపోయాయి.

తెట్టే కావాలి నాకు! పీఫాస్ అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఫ్లోరిన్ తోక నీటికి దూరంగా జరుగుతుంది. అందుకే తల నీళ్లలో, తోక గాలిలో పెట్టుకుని సరిగ్గా పైపొరలో చేరుతుంది. తోక పొడవైతే ఇంకా ఎక్కువగా చేరుతుంది, నీళ్లలో ఉప్పు పెరిగితే మరింత. గౌతమి, వసిష్ఠ సముద్రంలో కలిసే మా ప్రాంతంలో ఇది పట్టించుకోవలసిన సంగతి. అలల బుడగలు పగిలినప్పుడు ఆ పొర తుంపర్లుగా గాలిలోకీ లేస్తుంది. అడుగు లోతున ముంచితే ఆ పొరంతా సీసా మూతి పైనే ఉండిపోతుంది. ఇదంతా చెప్పాను. ఆయన ఫారం వైపే చూస్తూ ‘‘గడి లేదు’’ అన్నాడు.

మరునాడూ అదే జవాబు. పీఫాస్‌లో ఒకటైన పీఎఫ్ఓఎస్‌ను 2009లోనే, చిరకాలం నిలిచే విషరసాయనాలను కట్టడి చేసే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందంలో చేర్చారు, 2024లో అమెరికా తాగునీటిలో దానికి లీటరుకు 4 నానోగ్రాముల హద్దు పెట్టింది. ఈ కౌంటరు ఫారంలో మాత్రం అది చేరే పైపొరకు ఒక గడి లేదు. కొలవడానికి చోటే లేకపోతే ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

మూడోసారి కౌంటరు జోలికి పోలేదు. మెట్ల దగ్గర కాపు కాసి లోపలి శాస్త్రవేత్తను ఆపాను. ఆవిడ రెండు నిమిషాలు విని, ‘‘అడుగు లోతు నీళ్లు కూడా తెచ్చావా అమ్మా?’’ అని అడిగారు. తెచ్చాను. గట్టున మూత తీసి మళ్లీ పెట్టిన శుద్ధజలం సీసా కూడా ఉంది, మన చేతుల నుంచి ఏమైనా కలిసిందేమో తేల్చడానికి. మీరూ ఈ మూడూ పట్టుకెళ్లండి, కౌంటరుతో వాదించకండి.

ఫారం అంచున ఆవిడే కలంతో గీత గీసి ‘కాలువ, పైపొర’ అని రాశారు. గుమస్తా మాట్లాడకుండా ముద్ర వేశాడు.